లెక్కకు రాని నిమిషాలు: డిమెన్షియా శిక్షణ వివాదం వెనుక కథ

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న వృద్ధులతో పనిచేసే రిక్రియేషనల్ థెరపిస్టుకు, అంటే ఆటపాటలు, వ్యాపకాల ద్వారా చికిత్స చేసేవారికి, ఎంత శిక్షణ ఉండాలన్న ప్రశ్న అమెరికాలో ఎప్పుడు రేగినా, అందరూ 1987 నాటి నర్సింగ్ హోమ్ (అక్కడ వృద్ధుల సంరక్షణ కేంద్రాలను అలా అంటారు) సంస్కరణల చట్టం దగ్గర మొదలుపెడతారు. ప్రత్యేక శిక్షణ ఉన్నవారే కావాలనే థెరపిస్టులకూ, అక్కరలేదనే కేంద్రాల యజమానులకూ మధ్య ఇప్పటి తగవుకు పనికొచ్చేది దాని కింద వచ్చిన ఒక నిబంధన. సంరక్షణ కేంద్రంలో కార్యక్రమాల విభాగాన్ని నడపడానికి డిగ్రీ, ఇంటర్న్‌షిప్, పరీక్ష దాటి ధ్రువీకరణ పొందిన థెరపిస్టే అక్కరలేదు. ఈ రంగంలో రెండేళ్ల అనుభవమున్నవారైనా, ఆక్యుపేషనల్ థెరపిస్టయినా (రోజువారీ పనులు చేసుకునేలా తీర్చిదిద్దేవారు), రాష్ట్రం ఆమోదించిన కోర్సు ముగించినవారైనా సరిపోతారు.

శిక్షణ పలచబడటానికి ఈ వెసులుబాటే కారణమని చాలామంది అంటారు. నా దృష్టిలో అసలు మలుపు 1998.

అంతకుముందు వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ ఈ కేంద్రాలకు అయిన ఖర్చును బట్టి చెల్లించేది. 1997 బడ్జెట్ చట్టం ఆ పద్ధతిని మార్చింది. మరుసటి ఏడాది జులై నుంచి రోగిని ఒక వర్గంలో చేర్చి, ఆ వర్గానికి నిర్ణయించిన రోజువారీ మొత్తం ఇవ్వడం మొదలైంది. వర్గాన్ని తేల్చడంలో థెరపీ నిమిషాలకు పెద్ద పాత్ర ఉండేది. ఫిజికల్, ఆక్యుపేషనల్, స్పీచ్ థెరపీల నిమిషాలు లెక్కకు వచ్చాయి. రిక్రియేషనల్ థెరపీ నిమిషాలను కూడా మదింపు పత్రంలో రాయమన్నారు, కానీ చెల్లింపులో కలపలేదు. పైసా తీసుకురాని పనికి ప్రత్యేక శిక్షణ ఉన్న మనిషిని ఏ యజమాని పెట్టుకుంటాడు?

మెడికేర్ సొమ్ము స్వల్పకాలం ఉండేవారికే వర్తిస్తుందని, డిమెన్షియా ఉన్నవారిలో ఎక్కువమంది ఏళ్ల తరబడి ఉండేవారని యజమానులు గుర్తుచేస్తారు. నిజమే. అయితే అనేక రాష్ట్రాలు అదే తరహా వర్గీకరణను పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌కూ వాడుకున్నాయన్న సంగతి వారు చెప్పరు.

థెరపిస్టుల శిక్షణలో ఏముంటుందో చూస్తే నష్టం ఏపాటిదో తెలుస్తుంది. సాయంత్రమయ్యేసరికి తలుపు దగ్గర నిలబడి ఇంటికి పోవాలనే మనిషిని మాటల్లో పెట్టి కూర్చోబెట్టడం ఓపిక ఉన్న ఎవరికైనా సాధ్యమే. ఆ తిరుగుడు వెనుక ఉన్నది నొప్పా, విసుగా, ఒకప్పటి ఉద్యోగపు వేళా అని తేల్చడం, మిగిలిన సామర్థ్యానికి తగిన పనిని ఎంచి అంచెలుగా విడగొట్టడం, ఏది పనిచేసిందో నమోదు చేయడం మాత్రం నేర్చుకుంటేనే వస్తుంది. లిండా బ్యూట్నర్, సుజాన్ ఫిట్జ్‌సిమన్స్ 2003లో థెరపిస్టుల కోసం తెచ్చిన మార్గదర్శకాలు కలవరపెట్టే ప్రవర్తనల మీదే దృష్టి పెట్టాయి. అప్పటికి చెల్లింపుల తీరు స్థిరపడి అయిదేళ్లు. మార్గదర్శకాలు ఉన్నా, అమలు చేసేవారికి జీతమిచ్చే దారి లేదు.

ఇలాంటి ప్రవర్తనలకు మందులు వాడటం అప్పటికే మామూలు. 2005 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 17 ప్రయోగాలను పరిశీలించి, కొత్త తరం యాంటీసైకోటిక్ మందులు (తీవ్ర మానసిక జబ్బులకు ఇచ్చేవి) వాడిన డిమెన్షియా వృద్ధుల్లో మరణ ముప్పు 1.6 నుంచి 1.7 రెట్లు ఉందని హెచ్చరించింది. 2008లో పాత మందులనూ ఆ హెచ్చరికలో చేర్చింది. అయినా 2011 చివర్లో ఈ కేంద్రాల్లో దీర్ఘకాలం ఉండేవారిలో 23.9 శాతం మంది ఆ మందులు వాడుతూనే ఉన్నారు. వాటిని తగ్గించేందుకు 2012లో జాతీయ కార్యక్రమం మొదలయ్యాకే మందులు లేని పద్ధతులు తెలిసినవారి కోసం వెతుకులాట పెరిగింది.

గ్రామీణ ప్రాంతాల్లో ధ్రువీకరణ ఉన్నవారు దొరకరని, డిగ్రీ లేకున్నా ఏళ్ల తరబడి చేసినవారికే వృద్ధులు దగ్గరవుతారని యజమానుల వాదన. రెండో మాటను థెరపిస్టులూ కాదనరు.

2016 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు నర్సింగ్ హోమ్ సిబ్బంది అందరికీ డిమెన్షియా శిక్షణ ఇవ్వాలన్నాయి. అందరికీ వర్తించేలా కనీసం ఎన్ని గంటలో నిర్ణయించలేదు, కార్యక్రమాల విభాగాధిపతి అర్హతలనూ అలాగే వదిలేశాయి. 2019 అక్టోబరు నుంచి నిమిషాల లెక్క పోయి, రోగి పరిస్థితిని బట్టి చెల్లింపు వచ్చింది. కొత్త పద్ధతిలో ఫిజికల్, ఆక్యుపేషనల్, స్పీచ్ థెరపీలకు వేరువేరు భాగాలున్నాయి. రిక్రియేషనల్ థెరపీకి లేదు.