"వెటకారం అందరికీ అర్థమవుతుంది" అనుకునే విద్యార్థులకు: అపోహలు – వాస్తవాలు

ఎన్నికలొస్తే చాలు, నా గదికి ఎవరో ఒక విద్యార్థి ఫోన్ పట్టుకుని వస్తాడు. "మేడమ్, నేను వెటకారంగా రాశాను. వాళ్లు సీరియస్‌గా తీసుకున్నారు." యూనివర్సిటీలో భాషాశాస్త్రం చెబుతాను. పిల్లల అనుమతితో వాళ్ల రాజకీయ చాటింగ్‌లు చదవడం నా పనిలో భాగం.

అపోహ: వెటకారం అందరికీ తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. తెలుగులో వెటకారం సగం గొంతులోనే ఉంటుంది. "చేస్తాడులే" అన్న మాటే చూడండి. మెల్లగా అంటే భరోసా, "లే" సాగదీస్తే ఎగతాళి, విసురుగా అంటే విసుగు. రాస్తే మూడూ ఒకటే. అందుకే పిల్లలు "లేఏఏ" అని సాగదీస్తారు, నవ్వే ఎమోజీ తగిలిస్తారు. ఎవరిది ఏ పార్టీయో అందరికీ తెలిసిన హాస్టల్ గ్రూపులో అవి చెల్లుతాయి. స్క్రీన్‌షాట్ ఊరి గ్రూపుకు చేరితే చెల్లవు.

2024 ఎన్నికలప్పుడు ఎమ్మే కుర్రాడొకడు ఒక నాయకుడి హామీ కింద "మా అన్న చేస్తాడులే" అని రాశాడు. రూమ్మేట్లు పడీపడీ నవ్వారు. ఊళ్లో మాత్రం జై కొట్టాడనుకున్నారు. ఇంటిల్లిపాదీ అవతలి పార్టీ. వాళ్ల నాన్న నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు. నా ఎదురుగా కూర్చుని ఆ ఒక్క మెసేజ్‌నే పైకీ కిందకీ జరుపుతున్నాడు, వేళ్లు వణుకుతున్నాయి. అదే మాట నోటితో అని వాయిస్ మెసేజ్ పెట్టమన్నాను. సాయంత్రానికి వాళ్ల నాన్నే ఫోన్ చేశారు.

ఇంగ్లీషు మాటలు కలిపి తెలుగు రాస్తే భాష చచ్చిపోతుందనేది ఇంకో గోల. "ట్రోల్ చేశారు", "బ్లాక్ చేసేశాడు": క్రియ తెలుగుదే, ప్రత్యయాలూ తెలుగువే. వదిలేయండి.

అవతలి పార్టీవాళ్లను "పచ్చ బ్యాచ్" అనో, డబ్బుకు పోస్టులు పెట్టే "పేటీఎం బ్యాచ్" అనో అనడం సరదా కాదు. ఆ ముద్ర పడ్డాక అవతలివాడు ఎంత సరైన లెక్క చూపించినా అమ్ముడుపోయినవాడి మాటే అయిపోతుంది.

"ఫార్వర్డే కదా, నేను రాయలేదు" అంటారు. ఫార్వర్డ్ చేయడమంటే ఆ మాటను ఒప్పుకున్నట్టేనని 2018లో మద్రాసు హైకోర్టు ఒక ముందస్తు బెయిలు కేసులో చెప్పింది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజ్‌లు పెడితే శిక్ష వేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసిన మాట నిజమే. కానీ వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్ ఉంది. కంగారుపడకండి, ప్రభుత్వాన్ని విమర్శించడం వేరు, ఒక కులాన్నో మతాన్నో తిట్టడం వేరు. ఒకవేళ నోటీసు వస్తే గ్రూపులో పెట్టి సలహాలు అడగొద్దు. ముందు ఇంట్లో చెప్పండి, ఆ రోజే లాయర్‌కు చూపించండి.