బురదలో ట్రాక్టరు, గేదె కాలు

చిన్నూకీ బుజ్జికీ తాతయ్య రాసేది,

మొన్న ఫోన్లో చిన్నూ అడిగాడు కదా, బాబాయి ట్రాక్టరుకి అంతంత పెద్ద టైర్లున్నాయి, మరి జామాయిల్ తోటలో ఎందుకు దిగబడింది తాతయ్యా అని. అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నా, ఎందుకంటే తప్పు నాదే. కొత్త టైర్లు వేయిద్దామని మీ బాబాయి అంటే, ఇంకో సీజన్ లాగుతాయిలేరా అని ఆపింది నేనే.

జరిగింది ఇదీ. రెండ్రోజులు ముసురు పట్టింది, కొట్టి తొక్క ఒలిచిన కర్ర తోటలోనే ఉంది, సారపాక పేపర్ మిల్లుకి పంపాలి. ట్రాలీకి నిండా ఎత్తేశారు. నల్లరేగడి నేల, తెలుసుగా, ఎండితే రాయి, తడిస్తే బంక. పది గజాలు వచ్చిందో లేదో వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెట్టాయి, డ్రైవరు ఇంకా రేస్ ఇచ్చాడు, ఇచ్చినకొద్దీ గొయ్యి తవ్వుకుంటూ ఇరుసు దాకా కూరుకుపోయింది.

ఇప్పుడు మన గేదెని తలుచుకోండి. చెరువు ఒడ్డున మోకాలి లోతు బురదలో అది ఎంత తాపీగా నడుస్తుందో చూశారుగా. దాని గిట్ట రెండుగా చీలి ఉంటుంది. కాలు మోపగానే ఆ రెండూ విచ్చుకుంటాయి, బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది, ఎక్కువ దిగదు. కాలు పైకి లాగేటప్పుడు మళ్లీ దగ్గరికి ముడుచుకుంటాయి, సులువుగా ఊడొస్తుంది. గుర్రానికి అట్లా కాదు, గిట్ట ఒకటే ముద్ద. బురదకి మంచి టైరు అంటే గేదె కాలు లాంటిది. వెడల్పుగా ఉండాలి, కొంచెం మెత్తగా విచ్చుకోవాలి, పట్టిన బురదని వదిలించుకోవాలి. గేదె కాలుకి బురద పట్టినా మళ్లీ అడుగు వేసేసరికి జారిపోతుంది, టైరు కూడా అంతే, ఒక చుట్టు తిరిగొచ్చేలోపు విదిలించుకోవాలి. మరి తోక దేనికి తాతయ్యా అని బుజ్జి అడుగుతుంది, తోకకి ట్రాక్టర్లో జోడీ ఏం లేదమ్మా, పోలిక అక్కడితో ఆపేద్దాం.

వెనక టైరు మీద ఏటవాలుగా లావుపాటి గుబ్బలుంటాయి చూడండి, షాపు వాళ్లు లగ్గులంటారు. అవి ఎత్తుగా, ఎడంఎడంగా ఉంటే మధ్యలో దూరిన బురద బయటికి జారిపోతుంది. అరిగినా, మరీ దగ్గరగా ఉన్నా ఆ సందులన్నీ నిండిపోయి టైరు కాస్తా అప్పడాల కర్ర అయిపోతుంది, ఇంక ఏం పట్టుకుంటుంది? మనది అదే అయింది. వరి మళ్ల కోసం చేసే టైర్లకి గుబ్బలు మామూలు వాటికంటే దాదాపు రెట్టింపు ఎత్తు ఉంటాయి. మరి అవే వేయించొచ్చుగా అంటారేమో, తోట నుంచి మిల్లు దాకా తారు రోడ్డుంది, ఆ రోడ్డు మీద అవి త్వరగా అరిగిపోతాయి, పైగా సీట్లో కూర్చున్నోడి నడుము విరుగుతుంది. అందుకే మధ్యరకం చూశాం. తోటలో ఇంకో బాధ కూడా ఉంది, కొట్టిన జామాయిల్ మోళ్లు గూటాల్లా నిలబడి ఉంటాయి, అవి టైరు పక్కల్ని చీలుస్తాయి, కాబట్టి ప్లై, అంటే టైరు లోపలి పొరల బలం, ఎక్కువున్నది తీసుకోవాలి.

మన పాత టైరు మీద 13.6-28 అని ఉండేది, ఈసారి వచ్చినప్పుడు కొత్తదాని మీద ఏముందో చదవండి. 13.6 అంటే వెడల్పు అంగుళాల్లో, 28 అంటే రిమ్ము కొలత. 14.9 కూడా దొరుకుతుంది, ఇంకొంచెం వెడల్పు. అదే వేయించాం, మన రిమ్ముకి సరిపోతుందని కొలిపించాకే.

నా చిన్నప్పుడు ఈ టైర్ల గొడవే లేదు, బండికి కర్ర చక్రం, దాని చుట్టూ ఇనుప పట్టా, సన్నగా కత్తిలా ఉండేది. వాన పడితే నేలని కోసుకుంటూ దిగిపోయేది. మా నాన్న ఎడ్లని కొట్టేవాడు కాదు, కాడి దించేసి, కర్రలు సగం కింద పడేసి, చక్రం ముందు కంప పరిచి, అప్పుడు మళ్లీ ఎడ్లని పూన్చి మెల్లగా అదిలించేవాడు. ఆ రోజు మన డ్రైవరు కూడా అదే చేసుంటే సరిపోయేది. దిగబడ్డప్పుడు గట్టిగా తొక్కితే బయటపడతాం అనుకుంటాం, ఇంకా లోపలికి పోతాం, పరీక్షల్లో కూడా ఇంతే సుమా, రాని లెక్క దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోండి.

ట్రాక్టర్లకీ మొదట్లో ఇనుప చక్రాలే. 1932లో అమెరికాలో అలిస్ చామర్స్ కంపెనీ వాళ్లు విమానం టైర్లు తెచ్చి ట్రాక్టరుకి తగిలించి చూశారట. గాలి టైరు దుక్కిలో ఏం లాగుతుందిలే అని రైతులు నమ్మకపోతే రేసు కారు డ్రైవర్లని ఎక్కించి ట్రాక్టర్లతో పందేలు పెట్టించారు! నాకైతే అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

చివరికి మనదాన్ని బయటికి లాగడానికి ఇంకో ట్రాక్టరు వచ్చింది. గొలుసు కిందుగా, హుక్కుకే కట్టాలి, పైకి కడితే లాగే ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచి వెనక్కి తిరగబడుతుంది. గొలుసు తెగిందంటే మనిషి మిగలడు, కాబట్టి ఎవరైనా లాగుతుంటే మీరు దగ్గర నిలబడొద్దు, దూరంగా చెట్టు చాటు నుంచి చూడండి.

ఇంకా చెప్పాలంటే టైర్లో నీళ్లు నింపడం ఉంది, అదో పెద్ద కథ, టైర్లో కొంచెం గాలి తీసి మెత్తబరచడం ఉంది, అవన్నీ రాయను, చెయ్యి నొప్పెడుతోంది. మీరు దసరాకి వస్తారుగా. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, తోట దారిలోకి వెళ్లి తడి మట్టిలో వెనక టైరు అచ్చు చూడండి, గుబ్బలు వరసగా బాణం ములుకుల్లా పడి ఉంటాయి. ఆ ములుకు ట్రాక్టరు వెళ్లిన వైపుకి చూపిస్తుందా, వచ్చిన వైపుకా? బాబాయిని అడగొద్దు. చూసొచ్చి నాకు చెప్పండి.

మీ తాతయ్య