"జీన్ పాతదే గదా సార్!": జన్యుమార్పిడి విత్తనాలపై అపోహలు - వాస్తవాలు

తొలకరి పడిందంటే చాలు, దర్శి, మార్కాపురం వైపు నుంచి నాకు ఒకే రకం ఫోన్లు. "సార్, గడ్డిమందు పత్తి దొరుకుతా ఉంది, వేసుకోవచ్చా?" గడ్డిమందు కొట్టినా చావని పత్తి అన్నమాట. జన్యుమార్పిడి పంటను బయటి పొలాల్లోకి వదిలితే ఏం జరగొచ్చో అంచనా కట్టడమే నా పని, అందుకని అడుగుతారు. వద్దంటే మాత్రం ఎదురు జవాబు సిద్ధం.

అపోహ: "పురుగును తట్టుకునే బీటీ పత్తికి అనుమతిచ్చారు గదా, దీంట్లో ఇంకో జీన్ కలిపారంతే. అమెరికాలో ఎప్పట్నించో వేస్తున్నారు. అనుమతంటే ఒట్టి కాగితమే."

మన రైతులకు చేతి చమురు బాగా వదిలిస్తున్నది ఇదే. అందుకే మిగతావి రెండు ముక్కల్లో తేల్చి, దీని గురించే ఎక్కువ రాస్తాను.

జీన్‌ను విడిగా చూసి మంచిదనో చెడ్డదనో మేం చెప్పం. ఏ జీను, ఏ పంటలో, ఎలాంటి పొలంలో అని మూడూ కలిపి చూస్తాం. కాయతొలిచే పురుగును తట్టుకునే బీటీ పత్తికి 2002 మార్చిలో, రెండు బీటీ జీన్లున్న బోల్‌గార్డ్-2కి 2006లో అనుమతి వచ్చింది. గ్లైఫోసేట్ అనే గడ్డిమందును తట్టుకునే పత్తికి మన దేశంలో అనుమతి లేదు. దానికి దరఖాస్తు పెట్టుకున్న కంపెనీయే 2016లో వెనక్కి తీసుకుంది. ఊళ్లలో సంచుల్లో తిరుగుతున్నది అలా పరీక్ష మధ్యలోనే ఆగిపోయిన సరుకు.

అమెరికాలో వేస్తున్న మాట నిజమే. అక్కడ కనుచూపు మేర ఒకటే పత్తి. మన దగ్గర పత్తి సాళ్ల మధ్య కంది, గట్టు అవతల మిరప. గ్లైఫోసేట్‌కు ఇవేం తెలుస్తాయి? పచ్చని ఆకు మీద పడితే మాడుస్తుంది. గాలి తిరిగిందంటే పక్కాయన మిరప పోతుంది, తగాదా మీ ఇంటికొస్తుంది. పోనీ, అమెరికా వాళ్లయినా సుఖపడ్డారా? ఏటేటా అదే మందు కొట్టీ కొట్టీ, 2005 నాటికే జార్జియా పత్తి చేలలో తోటకూర జాతి కలుపు ఒకటి దానికి లొంగడం మానేసింది.

పోయిన ఖరీఫ్‌లో ఒక కౌలు రైతు రమ్మంటే చేనికి వెళ్లాను. లూజు విత్తనం వేసి, పైరు మీద గ్లైఫోసేట్ కొట్టాడు. కలుపుతో పాటు పత్తి మొక్కలూ చాలా ఎండిపోయాయి, మధ్య మధ్య కొన్ని పచ్చగా నిలబడ్డాయి. చూడగానే తెలిసింది. ఎవరో హైబ్రిడ్ చేలో ఏరిన పత్తి గింజనే సంచికెత్తి అమ్మారు. తల్లిదండ్రుల్లో ఒక వైపు నుంచే జీన్ వచ్చిన హైబ్రిడ్ అయితే, రెండో తరంలో నాలుగో వంతు మొక్కలకు అది అందదు. మామూలు గింజ కూడా కలిపితే ఇక చెప్పేదేముంది? "అమ్మినాయన ఫోన్ ఎత్తట్లా సార్" అన్నాడు. బిల్లు లేదు, ప్యాకెట్ మీద పేరు లేదు, లాట్ నంబరు లేదు. ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? కలుపు కూలి ఖర్చు తెలిసినవాణ్ణి, ఎందుకు కొన్నాడని అతన్ని నేను అడగలేదు.

అనుమతి వస్తే ఇక ఏ ముప్పూ లేదనుకోవడం కూడా పొరపాటే. ఫలానా షరతులు పాటిస్తే ఈ ముప్పు భరించదగ్గదని దాని అర్థం. బీటీ 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ గింజలు ఇచ్చేవారు, గుర్తుందా? చుట్టూ వేయమని. తట్టుకోవడం నేర్చిన పురుగు, బీటీ రుచి చూడని పురుగుతో జతకట్టి దాని సంతానం మళ్లీ లొంగాలని ఆ ఏర్పాటు. ఎంతమంది వేశారు? గట్టు మీద పారబోసిన ప్యాకెట్లు నేనే చూశాను. గులాబీరంగు పురుగు మొదటి బీటీని గుజరాత్‌లో జయించింది, తర్వాత రెండో దాన్నీ జయించింది. ఇప్పుడు విసిగి, నాన్‌బీటీ గింజను ప్యాకెట్‌లోనే కలిపి ఇస్తున్నారు. లూజు సంచిలో ఏం కలిసిందో అమ్మేవాడికీ తెలియదు.

మిగతావి గబగబా.

"ఆ విత్తనం మళ్లీ మొలవదంట": మొలుస్తుంది. మొలవకపోతే పైన చెప్పిన దొంగ వ్యాపారం ఎలా సాగుతుంది? మొలవకుండా చేసే టెర్మినేటర్ పద్ధతి ఏ దేశంలోనూ అమ్మకానికి రాలేదు.

"పుప్పొడి కొట్టుకొచ్చి దేశవాళీ పత్తి పాడవుద్ది": పత్తి పుప్పొడి బరువైనది, జిగురుది. గాలికి లేవదు, తేనెటీగలే మోయాలి. పైగా దేశవాళీ పత్తికి 26 క్రోమోజోములు, హైబ్రిడ్‌కు 52. అంత తేలిగ్గా కలవవు.

"కమల వరి కూడా జీఎం (జన్యుమార్పిడి) గదా": 2025 మేలో ప్రకటించిన ఆ రకంలో బయటి జీన్ లేదు. మన బాపట్ల సాంబ మసూరిలో ఉన్న జీన్‌నే దిద్దారు. దీనికి నియమాలు వేరు.

"బీటీ ఆకు తింటే జీవాలు చస్తాయి": 2006లో వరంగల్ వైపు గొర్రెలు చచ్చిపోయాయన్న వార్త ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతోంది. బీటీ ప్రొటీన్ పని చేయాలంటే బాగా క్షారంగా ఉండే పురుగు పేగు కావాలి, అది అతుక్కునే చోటు ఆ పేగులో ఉండాలి. గొర్రెలో ఈ రెండూ లేవు. అయినా నెల్లూరు జోడిపి గొర్రెల మంద తోలుకుని వచ్చే పెద్దాయన భయపడితే నవ్వను, మంద పోతే ఆయన బతుకే పోతుంది. ఆయనకు నేను చెప్పేది ఒకటే: పత్తి ఏరడం అయిపోయిన చేలోకి తోలేముందు, ఆఖరిసారి పురుగుమందు ఎప్పుడు కొట్టారో, ఏ మందు కొట్టారో చేను ఆసామిని అడగమని.