పికార్డీ నీలం

పిల్లలూ,

పారిస్‌కు ఉత్తరాన, సోమ్ నది ఒడ్డున అమియాన్ అనే ఊరుంది. అక్కడి పెద్ద చర్చి గోడ మీద ఇద్దరు వ్యాపారుల శిల్పం, వాళ్ల మధ్య నిండు గోతం కనిపిస్తాయి. అంత పవిత్రమైన చోట గోతం ఎందుకు చెక్కారంటారా? అందులో ఉన్నది నీలిరంగు సరుకు. పికార్డీ అనే ఆ ప్రాంతానికి సంపద తెచ్చింది అదే.

ఆ నీలం వోడ్ అనే మొక్క ఆకుల్లోంచి వచ్చేది. అది ఆవ మొక్కకు చుట్టం, పసుపు పూలు పూస్తుంది. ఆకుల్ని తిరగలిలో నూరి, పిడికెడేసి ఉండలు చేసి ఆరబెట్టేవాళ్లు. తర్వాత వాటిని పొడిచేసి, తడిపి, మురగబెట్టేవాళ్లు. ఆ కంపు భరించడం కష్టమే! రంగు తొట్టిలోంచి తీసిన బట్ట మొదట పసుపుపచ్చగా ఉంటుంది. గాలి తగిలాక మన కళ్ల ముందే నీలంగా మారుతుంది. నాకైతే ఈ కథంతటిలో ఎక్కువ ఇష్టమైనది ఆ క్షణమే.

1218లో పాత చర్చి కాలిపోతే, 1220లో కొత్తది మొదలుపెట్టారు. రోబెర్ ద లుజార్ష్ దాని మొదటి శిల్పాచార్యుడు. లోపలి కప్పు 42 మీటర్ల ఎత్తు, అంటే పద్నాలుగు అంతస్తుల పైమాటే. 1237 నాటికి అమియాన్ వ్యాపారులు లండన్‌లో వోడ్ అమ్ముకోవడానికి ఒప్పందం చేసుకున్నారు. ఆ లాభాల్లో కొంత చర్చికీ చేరింది.

తర్వాత యుద్ధాలు, దక్షిణాన తులూజ్ అనే ఊరి వోడ్ పోటీ కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. ఆపైన మన కోరమండల్ తీరం నుంచీ, గుజరాత్ నుంచీ ఓడల్లో నీలిమందు వెళ్లింది. రెండు మొక్కల్లోనూ ఉన్నది ఒకే రంగు, కానీ మన దాంట్లో చాలా ఎక్కువ. 1609లో ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ నీలిమందు వాడితే మరణశిక్ష అన్నాడు. అయినా అది ఆగలేదు. మన రైతు పండించినది అక్కడి రైతు పొట్ట కొట్టిందంటే నాకు బాధగానే ఉంటుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఆ చర్చి ద్వారాల శిల్పాలకు ఇసుక బస్తాలు అడ్డం పేర్చి కాపాడుకున్నారు. ఊరికి తూర్పున సోమ్ యుద్ధం నడిచింది. 1916 జూలై 14న సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడ్‌కు చెందిన దక్కన్ హార్స్ దళం, హై వుడ్ అనే అడవి దగ్గర బల్లేలు పట్టుకుని మెషిన్ గన్లకు ఎదురువెళ్లింది. మీ క్లాసులో సోమ్ యుద్ధం పాఠం వచ్చినప్పుడు, ఆ దళం గురించి మీ టీచర్‌ని తప్పకుండా అడగండి.

ప్రేమతో,
మీ తాతయ్య