తెరచాప పడవలో కెమెరా: అపోహలు - వాస్తవాలు

"అన్నా, కొత్త కెమెరా కొన్నా. వాటర్‌ప్రూఫే. ఆదివారం సెయిలింగ్‌కి తీసుకెళ్తున్నా, పర్లేదు కదా?"

కాలేజీ జూనియర్ల నుంచి ఈ ఫోన్ వస్తూనే ఉంటుంది. ఫోటోగ్రఫీ క్లబ్బులో అంటుకున్న పిచ్చి ఒకటి, ఉద్యోగంలో చేరాక తగులుకున్న తెరచాపల పిచ్చి ఇంకొకటి. రెండూ వదల్లేదు కాబట్టి వాళ్ల దృష్టిలో నేను పడవ మీద ఫోటోలు తీసే అన్నని. అడిగినందుకు సంతోషమే. నాకు చిరాకంతా వాళ్లకి "ఏం కాదులే, తీసుకెళ్లు" అని చెప్పి పంపేవాళ్ల మీదే.

అపోహ: వాటర్‌ప్రూఫ్ కెమెరాకి సముద్రం మీద ఢోకా లేదు. తడిసినా ఆరబెడితే సరి.

వాస్తవం: ముందు మీ కెమెరా పెట్టె మీద ఏముందో చదవండి. చాలావాటి మీద ఉండేది "వెదర్ సీల్డ్" అనే మాట. దానికి కొలమానం ఏదీ లేదు. బటన్ల చుట్టూ, మూతల అంచుల్లో రబ్బరు సీళ్లు పెట్టామని కంపెనీ చెప్పుకోవడం, అంతే. ఎంత నీరు, ఎంతసేపు అన్నది చెప్పరు. ఐపీ రేటింగ్ (దుమ్ముని, నీటిని ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే అంకెలు) రాసిచ్చే లెన్స్ మార్చుకునే కెమెరాలు కొన్నే. ఓఎం సిస్టమ్ వాళ్ల ఓఎం-1కి ఐపీ53 ఉంది. అందులో ఆ 3 అంకెకి అర్థం, పైనుంచి 60 డిగ్రీల ఏటవాలు వరకు పడే జల్లుని తట్టుకుంటుందని. పడవ ముక్కుకి తగిలి పగిలిన అల అలా పైనుంచి మర్యాదగా పడదు. కింద నుంచి లేస్తుంది, పక్క నుంచి మొహం మీద కొడుతుంది.

"నాది ఐపీ67 అన్నా" అంటారు యాక్షన్ కెమెరాలు, ఫోన్లు ఉన్నవాళ్లు. ఆ 7 అంటే ఒక మీటరు లోతున, కదలని మంచినీళ్లలో, 30 నిమిషాలు. జోరుగా కొట్టే నీటికి వేరే పరీక్షలున్నాయి, వాటి అంకెలు 5, 6. మునక పరీక్షలో నెగ్గింది కదా అని జోరునీటి పరీక్షలోనూ నెగ్గినట్టు కాదు. పైగా అవన్నీ మంచినీళ్లతో చేసేవే.

అసలు గొడవంతా ఉప్పుది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. నీరు ఆరిపోతుంది, ఉప్పు ఎక్కడికీ పోదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పే తేమని పీల్చుకుని మళ్లీ ద్రవమవుతుంది. తీరప్రాంతంలో రాత్రిపూట ఆ మాత్రం తేమ మామూలే. అంటే ఆరిందని మీరు అలమారలో పెట్టిన కెమెరా లోపల్లోపల మళ్లీ మళ్లీ తడుస్తూనే ఉంటుంది. లోపల బ్యాటరీ కూడా ఉంటే ఆ ఉప్పునీటిలోంచి కరెంటు పారి రాగి, నికెల్ కాంటాక్టులను తినేస్తుంది.

మా బ్యాచ్‌మేట్ ఒకడికి ఇలాగే జరిగింది. ఒక్క తుంపర పడింది, టీషర్టుతో తుడిచాడు, ఆన్ చేస్తే పనిచేసింది. "చూశావా, ఏం కాలేదు" అని ఆ సాయంత్రం ఫోటోలు కూడా పంపాడు. కొన్ని వారాలకి జూమ్ రింగు తిప్పుతుంటే కరకరమనడం మొదలైంది. తర్వాత షట్టర్ బటన్ సగం నొక్కితే ఫోకస్ పట్టడం మానేసింది. నా ముందే బ్యాటరీ మూత తీశాడు. లోపలి స్ప్రింగు కాంటాక్టుల మీద ఆకుపచ్చ పొర, గోటితో గీకితే పొడిలా రాలింది. మెయిన్ బోర్డు పోయిందని తేలాక కూడా వాడి నోట ఒకటే మాట: "ఆ రోజు పనిచేసింది కదరా!" తడిసిన రోజు పనిచేయడం వల్లే చాలామంది మోసపోతారు. కెమెరా అప్పుడే చచ్చిపోయి ఉంటే కనీసం వెంటనే రిపేరుకి పరుగెత్తేవాడు.

బియ్యం డబ్బా సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. మూసి ఉన్న బాడీలోంచి బియ్యం తేమని లాగలేదు, ఉప్పునైతే అసలు తాకలేదు. దాని పిండి సందుల్లో దూరడం అదనం. ఆ డబ్బాలో పెట్టి రెండు రోజులు ఎదురుచూస్తే ఉప్పుకి రెండు రోజులు గడువిచ్చినట్టే.

మరేం చేయాలి? తుంపర పడితే ఒడ్డుకొచ్చేదాకా ఆగకండి. మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో అక్కడికక్కడే అద్దండి, రుద్దకండి. లెన్స్ అద్దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు పలుకులు కోటింగ్ మీద గీతలు పెడతాయి, ముందు తడి చేయాల్సిందే. ముందే ఒక యూవీ ఫిల్టర్ బిగించుకుంటే ఆ గీతలేవో దాని మీదే పడతాయి. నీళ్లలోనే పడిపోతే ఆఫ్ చేసి బ్యాటరీ తీసేయండి. "పనిచేస్తుందో లేదో" అని మళ్లీ ఆన్ చేసి చూడొద్దు. అదే రోజు రిపేరు చేసేవాళ్ల చేతిలో పెట్టండి. నిజం చెప్పాలంటే సముద్రంలో మునిగిన బాడీ బతకడం అరుదు. కానీ ఏడుస్తూ ఫోన్ చేసేవాళ్లకి నేను మొదట చెప్పేది కార్డు గురించి. మెమొరీ కార్డుని మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు రీడర్‌లో పెట్టండి. ఫోటోలు చాలాసార్లు దక్కుతాయి. కెమెరా మళ్లీ కొనుక్కోవచ్చు.

హౌసింగ్ (కెమెరాని పెట్టే నీరు చొరని పెట్టె) వాడేవాళ్లకి ఒక్క మాట: మూసేముందు దాని మూత అంచున ఉండే రబ్బరు వలయం, అదే ఓ-రింగు, చుట్టూ వేలు తిప్పి చూడండి. ఒక్క వెంట్రుక చిక్కుకున్నా నీరు దారి వెతుక్కుంటుంది.

అపోహ: తెరచాప పడవ గాలి ఎటు వీస్తే అటే పోతుంది.

వాస్తవం: గాలికి సుమారు 45 డిగ్రీల కోణంలో ఎదురుగానూ పోతుంది. అటొక టాక్, ఇటొక టాక్ వేసుకుంటూ, అంటే అటూ ఇటూ వంకరగా మలుపులు తిరుగుతూ, ముందుకు చేరుతుంది. ఫోటోలు తీసేవాడికి ఇదెందుకంటే, ఎదురుగాలికి పోతున్నప్పుడు తుంపర గాలి వచ్చే వైపు ముక్కు మీదుగా లేస్తుంది. ఏ మూల కూర్చుంటే కెమెరా తడవదో అప్పుడు మీకే తెలుస్తుంది. పడవ నడిపే స్కిప్పర్ "రెడీ అబౌట్" అన్నాడంటే మలుపు తిప్పబోతున్నాడని, కెమెరా దించాలి, తల వంచాలి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవాడికి బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) కనపడదు. జైబ్ చేసేటప్పుడైతే, అంటే గాలి వెనక నుంచి వస్తుండగా మలుపు తిప్పేటప్పుడు, అది క్షణంలో ఇటు నుంచి అటు విసురుగా తిరుగుతుంది. పడవ మీద నన్ను నిజంగా భయపెట్టేది అదొక్కటే.

అపోహ: పడవ ఒరిగితే తిరగబడ్డట్టే.

వాస్తవం: కీల్ పడవకి అడుగున బరువుంటుంది, ఒరిగేకొద్దీ అది పడవని వెనక్కి లేపుతుంది. చిన్న డింగీలు మాత్రం తిరగబడతాయి, వాటి మీదకి ఖరీదైన కెమెరా ఎందుకు?

అపోహ: ఈత వచ్చు కాబట్టి లైఫ్ జాకెట్ అక్కర్లేదు, ఫోటోలకి అడ్డం.

వాస్తవం: బూమ్ తగిలి స్పృహ తప్పినవాడికి ఈత వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. జాకెట్ వేసుకోండి. నీళ్లలో పడగానే ఉబ్బే రకమైతే దాని మీదుగా మెడలో కెమెరా స్ట్రాప్ వేయకండి, ఉబ్బినప్పుడు బిగుసుకుంటుంది. చేతి మణికట్టుకి చాలు. ఒక చేయి పడవకి, ఒక చేయి మీకు అన్నది పాత నావికుల లెక్క. అందులో కెమెరాకి చెయ్యే లేదు, కాబట్టి కూర్చుని, నడుము దేనికైనా ఆనించి తీయండి.

అపోహ: స్టెబిలైజేషన్ ఉంటే ఏ షట్టర్ స్పీడైనా సరే.

వాస్తవం: అది మీ చేతి వణుకుని సర్దుతుంది. అల మీద ఎగిరిపడే ఎదుటి పడవనేం చేస్తుంది? 1/1000 సెకండు నుంచి మొదలుపెట్టండి. తెల్ల తెరచాప ఫ్రేమంతా నిండితే కెమెరాలో వెలుగు కొలిచే మీటరు దాన్ని బూడిదరంగు చేసేస్తుంది, ఎక్స్‌పోజర్‌ని ఒక స్టాప్ (వెలుగు రెట్టింపు) వరకు పెంచుకోండి.

అపోహ: మంచి సామగ్రి లేకపోతే మంచి సెయిలింగ్ ఫోటో రాదు.

వాస్తవం: ఇంగ్లండ్‌లోని కౌస్‌లో తెరచాప పడవల ఫోటోలకి పేరుపడ్డ ఫ్రాంక్ బీకెన్ తాను తయారుచేసుకున్న చెక్కపెట్టె కెమెరాని రెండు చేతులా పట్టుకుని, నోట్లో పెట్టుకున్న రబ్బరు బంతిని కొరికి షట్టర్ నొక్కేవారు. ఇంకేం చెప్పను?

అపోహ: నాకు బస్సులో కూడా కడుపులో తిప్పదు, పడవలో ఏమవుతుంది?

వాస్తవం: కెమెరా లేకుండా ఏమీ కాకపోవచ్చు. వ్యూఫైండర్‌లో కన్ను పెడితే కంటికి ఫ్రేము, చెవిలోని బ్యాలెన్స్‌కి ఊపు, రెండూ రెండు కబుర్లు చెబుతాయి. నాలుగు ఫోటోలకోసారి దిగంతం వైపు చూడండి. మాత్ర వేసుకునేవాళ్లు డాక్టర్ని అడిగి, ఎక్కకముందే వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక ఫలితం తక్కువ. తీసినవి చూసుకోవడం ఒడ్డుకొచ్చాకే. చిన్న స్క్రీన్‌లోకి తల వంచి జూమ్ చేసి చూసేవాళ్లే అందరికంటే ముందు రెయిలింగ్ దగ్గరికి పరుగెత్తుతారు, అదీ పాపం గాలి వచ్చే వైపుకి. వెళ్లాల్సింది గాలి పోయే వైపుకి.