మొప్ప మూత మీది గీతలు

పిల్లలూ,

చేపని కొలిస్తే దాని వయసు తెలిసిపోదా అని అడిగారు. తెలియదు. ఒకే రోజు గుడ్డులోంచి వచ్చిన రెండు చేపల్లో ఒకటి మేత పుష్కలంగా ఉన్న చెరువులో, ఇంకోటి కిక్కిరిసిన గుంటలో పెరిగాయనుకోండి. రెండేళ్ళు తిరిగేసరికి మొదటిది రెండోదానికి రెట్టింపు ఉండొచ్చు. పైగా చాలా చేపలు మనలాగా ఒక వయసు రాగానే ఎదగడం ఆపెయ్యవు, వేగం తగ్గిస్తాయంతే. పొడవు చూసి వయసు చెప్పడం చీకట్లో రాయి విసరడమే.

వయసు ఆనవాళ్ళు గట్టి భాగాల్లో ఉంటాయి. పొలుసు, వెన్నుపూస, రెక్క ముల్లు, మొప్పల మీద మూతలా ఉండే పల్చటి ఎముక, తల లోపలి చెవిరాయి, వీటిలో ఏదైనా పనికొస్తుంది. చేప ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటిని బట్టి మారుతుంది. నీళ్ళు వెచ్చగా ఉండి తిండి దొరికే నెలల్లో ఎముక గబగబా పెరిగి వెడల్పాటి పట్టీ ఏర్పడుతుంది. చలికాలంలో ఎదుగుదల దాదాపు ఆగిపోయి సన్నటి గీత మిగులుతుంది. చెట్టు మానులో వలయాలు పడినట్టే. చలి పెద్దగా లేని చోట్ల కూడా గీతలు పడతాయి కానీ అక్కడ కారణాలు వేరు: మేత కరువు, గుడ్లు పెట్టే కాలం, నీటిమట్టం పడిపోవడం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మొప్ప మూత ఎముక. మైక్రోస్కోప్ లేకపోయినా చూడొచ్చు. వేడినీళ్ళలో కాసేపు ఉంచితే తోలూ కండా ఊడి వస్తాయి. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కడిగి ఆరబెట్టండి. నల్లటి కాగితం మీద పెట్టి పక్కనుంచి టార్చి వెయ్యండి. తెల్లగా, పాలు కలిపినట్టుండే వెడల్పు పట్టీలు, వాటి మధ్య కింది నలుపు కనబడేంత పారదర్శకమైన సన్న గీతలు కనిపిస్తాయి. అన్నీ ఒక మూలనుంచి మొదలై విసనకర్రలా విచ్చుకుంటాయి. ఆ మూల, ఎముక తలకి అతుక్కునే కీలు. కొలతలన్నీ అక్కడినుంచే తీసుకోవాలి. ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సు పెర్చ్ చేపల వయసూ ఎదుగుదలా లె క్రెన్ అనే శాస్త్రవేత్త ఈ ఎముకతోనే లెక్కకట్టి 1947లో ప్రచురించాడు.

గీతలు లెక్కపెడితే వయసు వస్తుంది. వాటి మధ్య ఎడం కొలిస్తే ఏ ఏడాది ఎంత పెరిగిందో కూడా తెలుస్తుంది, అసలు మజా అందులోనే ఉంది. చేప పొడవు 30 సెంటీమీటర్లు, ఎముక కీలునుంచి అంచుదాకా 20 మిల్లీమీటర్లు అనుకోండి. గీతలు 8, 13, 17 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి. ఎముక మిల్లీమీటరు పెరిగితే చేప సెంటీమీటరున్నర పెరిగిందన్నమాట. అంటే మొదటి ఏడాది చివర 12, రెండో ఏడాదికి పందొమ్మిదిన్నర, మూడో ఏడాదికి ఇరవై అయిదున్నర సెంటీమీటర్లు. నాలుగో ఏడు నడుస్తోంది. నిజానికి ఒంటితోపాటు ఎముక మొదటినుంచీ ఇంత కచ్చితమైన పాళ్ళలో పెరగదు. అందుకని చిన్నా పెద్దా చేపల్ని బోలెడన్ని కొలిచి, లెక్కలో ఒక దిద్దుబాటు అంకె కలుపుతారు.

ఈ విద్య పాతదే. పైక్ అనే మంచినీటి చేప గురించి యూరప్‌లో ఒక కథ ఉండేది. 1497లో పట్టుబడిన పైక్‌కి ఒక చక్రవర్తి 1230లో తొడిగించిన ఉంగరం ఉందట, అంటే దాని వయసు 267 ఏళ్ళకి పైమాటేనట! దాచి ఉంచిన అస్థిపంజరాన్ని తర్వాత పరీక్షిస్తే, పొడవు పెంచడానికి వేరే చేపల వెన్నుపూసలు అతికించినట్టు బయటపడింది. ఆ పైక్ జాతి చేపల వెన్నుపూసల మీదే వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పొచ్చని హెడెర్‌స్ట్రోమ్ అనే స్వీడన్ మతగురువు 1759లో రాశాడు. అద్భుతాలు చెప్పినవాళ్ళకి వచ్చినంత పేరు పాపం ఆయనకి రాలేదు.

ఇక చిక్కుల సంగతి. జబ్బు చేసినా, దెబ్బ తగిలినా దొంగ గీత పడొచ్చు. ముసలి చేపలో కీలు దగ్గర ఎముక మందమై మొదటి గీత కప్పబడిపోతుంది. జెల్ల జాతి చేపల రెక్క ముల్లులో మధ్య బోలు పెద్దదవుతూ చిన్ననాటి గీతల్ని తినేస్తుంది. ఊడిపోయిన పొలుసు స్థానంలో కొత్తది వస్తే దాని నడిభాగం ఖాళీగా ఉంటుంది. అందుకే గీత నిజంగా ఏడాదికొకటే పడుతోందా అన్నది రుజువు చేసుకోవాలి. ఒక పద్ధతి ఏమిటంటే, చేపకి టెట్రాసైక్లిన్ జాతి మందు ఇచ్చి వదిలేస్తారు. అది ఎముకలో చేరి, అతినీలలోహిత కాంతిలో మెరిసే గుర్తుగా మిగులుతుంది. తర్వాత ఎప్పుడో మళ్ళీ పట్టినప్పుడు, ఆ గుర్తు బయట ఎన్ని గీతలు పడ్డాయో, ఎన్నేళ్ళు గడిచాయో పోల్చి చూస్తారు.

ఈ జాగ్రత్త లేకపోతే ఎంత తేడా వస్తుందో చూడండి. అమెరికాలోని బిగ్‌మౌత్ బఫెలో అనే చేప మహా అయితే 26 ఏళ్ళు బతుకుతుందని అనుకునేవారు. 2019లో చెవిరాళ్ళని పల్చగా కోసి లెక్కపెడితే ఒకదానికి 112 ఏళ్ళని తేలింది! 1950, 60ల అణుబాంబు పరీక్షలవల్ల గాలిలో, నీటిలో పెరిగిన రేడియోకార్బన్ (రేడియోధార్మికత ఉన్న కార్బన్) ఆ రాళ్ళ పొరల్లోనూ ఉంటుంది. దాన్ని కొలిచి ఆ లెక్క సరైనదేనని నిర్ధారించారు. పనికిరాని చేప అని ఎవరికి తోచినన్ని వాళ్ళు చంపేస్తూ వచ్చిన జాతి అది.

మీరు ఎముక చూసేటప్పుడు ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టండి. ఒకరి అంకె ఒకరికి చెప్పొద్దు. చేప పొడవు కూడా ముందే తెలుసుకోవద్దు, పెద్ద చేప అనగానే కంటికి లేని గీతలు కనబడతాయి. అంకెలు కలవకపోతే ఎముకని పక్కన పెట్టి మర్నాడు మళ్ళీ చూడండి. అప్పటికీ కలవకపోతే ‘తేలలేదు’ అని రాసెయ్యండి.

మీ పెదనాన్న