పాయింట్ల కోసం పేపర్లు

పరిశోధన జర్నళ్ల గొడవ మళ్లీ మొదటికొచ్చింది. 2025 ఫిబ్రవరిలో, విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ, నమ్మదగిన జర్నళ్లంటూ తాను ఇచ్చే కేర్ జాబితాను ఎత్తేసింది. ఏది మంచి జర్నలో, ఏది బోగసో ఇక కాలేజీలే తేల్చుకోవాలంది. అదే ఏడాది కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగుల్లో, అచ్చయ్యాక ఉపసంహరించిన పేపర్లకు నెగెటివ్ మార్కులు మొదలయ్యాయి. పేపర్లు వేయమని మెడ మీద కూర్చున్నది మీరే కదా అన్నది అధ్యాపకుల మాట.

ఆ మాటలో నిజం ఎంతో తెలియాలంటే 2010 జూన్ 30 నాటి యూజీసీ నిబంధనలు తిరగేయాలి. 2010కి ముందు కాపీ కొట్టినవాళ్లు లేరని కాదు. కానీ ఉద్యోగానికీ ప్రమోషన్‌కూ ఏపీఐ స్కోరు, అంటే అధ్యాపకుల పనిని పాయింట్లలో కొలిచే లెక్క, అన్న మెలిక పడింది అక్కడే. అచ్చుకు ముందు నిపుణుల సమీక్ష ఉన్న జర్నల్లో పేపర్ వస్తే 15 పాయింట్లు. సమీక్ష లేకపోయినా, పేరున్న పత్రికై ఐఎస్ఎస్ఎన్ నంబరుంటే 10. పేరును కొలిచేదెవరు? ఫైలు చూసేవారి కంటికి ఆనేది నంబరే. అది పత్రికను గుర్తుపట్టడానికి ఇచ్చే సంఖ్య, అంతకుమించి ఏమీ కాదు. నంబర్ ప్లేటు ఉన్నంత మాత్రాన బండికి బ్రేకులు పడతాయని చెప్పలేం కదా!

వారానికి 16 గంటలు పాఠాలు చెబుతూ, సరైన ల్యాబ్ లేని డిగ్రీ కాలేజీలో పనిచేసే లెక్చరర్‌కూ పేపర్ల టెన్షన్ పట్టుకుంది. డబ్బు కడితే రోజుల్లో అచ్చేసే జర్నళ్లు పుట్టుకొచ్చాయి. 2013లో ‘సైన్స్’ పత్రిక, కావాలనే తప్పులతో నింపిన ఒక దొంగ పేపర్‌ను వందల జర్నళ్లకు పంపి చూసింది. మన దేశం నుంచి నడిచేవాటిలో 64 దాన్ని ఒప్పుకున్నాయి, తిప్పికొట్టినవి 15.

హైదరాబాద్ కేంద్రంగా జర్నళ్లు నడిపే ఓమిక్స్ సంస్థ సమీక్ష విషయంలో అబద్ధాలు చెప్పిందని, ఫీజులు దాచిందని తేలి, 2019 మార్చిలో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. సంస్థ ఆరోపణలను ఖండించింది. కేసు వేసింది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, తీర్పు చెప్పింది నెవాడా కోర్టు.

మన దేశంలో యూజీసీ చేసింది మాత్రం జాబితాల పని. 2017 జనవరిలో 38,653 జర్నళ్లతో ఒకటి వచ్చింది. మరుసటి ఏడాది మేలో అందులోంచి 4,305 తీసేశారు. ఆ తర్వాతది కేర్. అధికారం ఒకేచోట పోగుపడిందని, భారతీయ భాషల పత్రికలను చేర్చడంలో జాప్యం జరిగిందని దాన్ని ఎత్తేయడానికి యూజీసీ చెప్పిన కారణాలు. తెలుగు శాఖలవాళ్లు ఇది కాదనరు.

శిక్షల సంగతికొస్తే, కాపీలపై యూజీసీ తెచ్చిన 2018 నిబంధనల ప్రకారం పేపర్లో 60 శాతం మించి కాపీ ఉంటే రెండు ఇంక్రిమెంట్లు పోతాయి, మూడేళ్లపాటు కొత్త పరిశోధక విద్యార్థులను తీసుకోకూడదు. ఇదంతా రాసినవారికే. అదే ఏడాది వచ్చిన నియామక నిబంధనల్లో పేపర్‌కు సైన్స్‌లో 8, ఆర్ట్స్‌లో 10 పాయింట్లు ఉన్నాయి. సమీక్ష ఉన్న జర్నల్ గానీ, యూజీసీ జాబితాలోది గానీ అయితే చాలు. జాబితాను ఎత్తేసినప్పుడు ఆ పాయింట్ల పట్టికను మాత్రం ముట్టుకోలేదు.